నడిమి గోడ మీది ఎర్ర చేతులు

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "మేడం, మీ అనుభవం ఏమైనా చెప్పండి" అంటారు. నాకు పదోన్నతి ఎప్పుడొచ్చింది, నా పెన్షన్ ఫైలు ఎవరి టేబుల్ మీద నిద్రపోయింది అన్నవి వాళ్లకు అక్కరలేదు, నాకూ వాటి మీద మనసు లేదు. నిజంగా చెప్పాల్సింది ఒక గోడ గురించి. దాన్ని ఇన్నేళ్లూ నోటితో చెప్పలేకపోయాను. రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను.

పని ఏమిటంటే

నేను పుట్టింది గద్వాలలో, నేతపని ఇంట్లో. ఉద్యోగమంతా వనపర్తి దవాఖానలో చేశాను. వారానికి ఒకరోజు నాగర్‌కర్నూల్, ఒకరోజు గద్వాల వెళ్లేదాన్ని. ఇప్పుడవి మూడు జిల్లాలు, అప్పుడు అంతా పాలమూరే. మొదట్లో నా దగ్గరికి విరిగిన కాళ్లు, పక్షవాతం చేతులు వచ్చేవి. రెండువేల సంవత్సరం దాటాక, పట్నంలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. వాళ్ల చీటీ మీద "చేతికి వ్యాయామం" అని ఒక్క ముక్క రాసి ఉండేది.

ఆ ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు చంకలోని గడ్డలు కూడా తీసేస్తారు. తర్వాత ఆ వైపు భుజం బిగుసుకుపోతుంది. జడ వేసుకోవడానికి, దండెం మీద బట్ట ఆరేయడానికి చెయ్యి లేవదు. కొందరికి చెయ్యి వాస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మందులు ఎక్కించడం అయ్యాక రేడియేషన్ ఇస్తారు. దాన్ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. ఆ మిషన్ కింద చెయ్యి తలపైకి ఎత్తి, కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే కరెంటు లేదు. కరెంటు లేకపోతే రోగం మళ్లీ రావచ్చు.

అందుకే గోడ ఎక్కించేవాళ్లం. మనిషి గోడకు ముఖం పెట్టి నిలబడి, వేళ్లతో మెల్లగా పైకి పాకాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఒక గీత గీయాలి. రేపటి గీత దానికంటే ఒక వేలెడు పైన పడాలి.

నాకు ఇచ్చిన గది పాత ఎక్స్‌రే చీకటి గది. కిటికీ లేదు, గోడలకు నల్ల రంగు, ఒకటే బల్బు. పరదా వేసి నలుగురిని ఒకేసారి నిలబెట్టేదాన్ని. నలుగురూ పైట కప్పుకుని, మాట లేకుండా, గోడకు ముఖం ఆనించి ఉండేవాళ్లు. చప్పుడల్లా వేళ్లు పాకే గరగరే. మా ఆయా ఆ సమయానికి తలుపు దగ్గరే చీపురు ఆపేసేది. "ఎనుకకెల్లి సూస్తే మనుషులు గోడల్లకు వోతున్నట్టు ఉంటది మేడం, నేను లోపటికి రాను" అనేది. నేను నవ్వేదాన్ని. కానీ సాయంత్రం ఒక్కదాన్నే ఆ గదికి తాళం వేసేటప్పుడు ఆ గీతల వైపు చూసేదాన్ని కాదు.

లేనిచోట ఉన్నది

తిమ్మాజిపేట దగ్గరి నుంచి ఒక చిన్న పిల్ల వచ్చేది. ఒళ్లో ఎనిమిది నెలల బిడ్డ. ఎడమ వైపు రొమ్ము తీసేశారు. ఒకరోజు గోడ ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయి, జాకెట్టు పట్టుకుని చూసుకుంది. బయట బిడ్డ ఏడుస్తోంది.

"మేడం, లేనిదాంట్ల పాలు దిగుతున్నయి" అంది.

నేను చెయ్యి పెట్టి చూశాను. కట్టు పొడిగా ఉంది. "ఏం లేదమ్మా, నీ భ్రమ" అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత పుస్తకం తీసి చదివితే తెలిసింది, పోయిన అవయవం పోయిందని మెదడు చాలాకాలం ఒప్పుకోదట. దురద, నొప్పి, బరువు, అన్నీ ఖాళీ చోటే తెలుస్తాయట. ఆ పిల్ల చెప్పింది నిజం, నేను చెప్పిందే అబద్ధం. పిల్లలూ, మీకు తెలియనిదాన్ని భ్రమ అనకండి. తెలియదు అనండి, పరువేం పోదు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. ఒకవైపు బరువు పోతే మనిషి వంగిపోతుంది. అందుకని గుడ్డ సంచి కుట్టి, సజ్జలు నింపి, జాకెట్టులో పెట్టుకోమనేదాన్ని. సజ్జలైతే ఒంటికి అమరుతాయి, బరువూ సరిపోతుంది. నాగర్‌కర్నూల్ వైపు ఒకామె అది పెట్టుకుని వానలో నాట్లకు పోయింది. రెండు రోజులకు బిక్కమొహంతో వచ్చి సంచి నా బల్ల మీద పెట్టింది. కుట్ల సందుల్లోంచి తెల్లగా మొలకలు వచ్చాయి. "కోసేసిన కాడ మల్ల మొలుస్తున్నది మేడం" అని వణికిపోయింది. నేను పగలబడి నవ్వాను, కాసేపటికి ఆమె కూడా నవ్వింది. అప్పటి నుంచి సజ్జలు వేయించి నింపమన్నాను.

నా మాట, మా సార్ మాట

ఈ ఆడవాళ్లతో రోజూ వ్యాయామం చేయించడం మాటలు కాదు. ఇంటికి పోతే పొలం, పశువులు, పొయ్యి. నొప్పి అని మానేసేవాళ్లు. అందుకని నేనొక మాట కట్టాను. "గోడెక్కితే రోగం దిగుతది." ఇంతే. మహా తెలివైనదాన్ననుకున్నాను. వాళ్ల నోళ్లలో అది వెంటనే పట్టుకుంది. గోడ ఎక్కుతూ పెదవుల కింద అనుకునేవాళ్లు.

మా సూపరింటెండెంట్ సర్జన్. కోపిష్టి మనిషి, పొద్దున రౌండ్లకు వస్తే నర్సులు స్తంభాల చాటుకు పోయేవాళ్లు. ఒకనాడు నా గది ముందు ఆగి విని లోపలికి వచ్చాడు.

"మంత్రాలెప్పుడు నేర్చినవమ్మా?" అన్నాడు.

"సార్, అట్లా చెబితేనే చేస్తున్నరు."

"రోగం గోడతోని దిగదు. చెయ్యి లేస్తది, అంతే. చెయ్యి ఎందుకు లేవాల్నో చెప్పు. అర్థమైతే చేస్తరు. అర్థంగాకుంట చేసేది వ్యాయామం గాదు, మొక్కు."

కోసి కుట్టేసి పోయేవాడికేం తెలుసు, వాళ్లతో గంటలు గంటలు నిలబడేది నేను కదా అనుకున్నాను. ఆయన నోరు మంచిది కాదు కాబట్టి ఆయన మాటా మంచిది కాదని తీర్మానించుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు అదే.

జయమ్మ

జయమ్మది ఆత్మకూరు దగ్గరి పల్లె. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడి వైపు ఆపరేషన్ అయింది. రెండు బర్రెలు పెట్టుకుని ఆత్మకూరు హోటళ్లకు పాలు పోసేది. క్యాన్సర్ అన్న సంగతి ఆమె భర్త కుర్మయ్యకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆమె చేతి పాలు ఎవరూ పోయించుకోరని భయం. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నారు. ఆ ఆపరేషన్ మా ఊళ్లల్లో ఇంటికొకరికి అవుతుంది కాబట్టి ఎవరూ మారు అడగలేదు. మందులకు జుట్టు రాలిపోతే కురుమూర్తి సామికి మొక్కు చెల్లించానంది. కనుబొమలు కూడా రాలాయి. వాటిని కాటుకతో గీసుకుని వచ్చేది. ఎడమది ఎప్పుడూ కొంచెం పైకి పోయి, ముఖం ఏదో అడుగుతున్నట్టు ఉండేది.

మామ పోయాక ఆ ఇంటిని అన్నదమ్ములు పంచుకున్నారు. నడిమిట్ల మట్టిగోడ లేపారు. ఇటు జయమ్మ, కుర్మయ్య. అటు కుర్మయ్య అన్న బాలయ్య, ఆయన భార్య శాంతమ్మ. అత్త బుచ్చమ్మ వంతుల మీద ఉండేది, ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా ఒక కొడుకింట్లో.

ఇంట్లో ఏ గోడ మీద ఎక్కుతావని అడిగితే, నడిమి గోడ ఒక్కటే ఖాళీగా ఉందంది. బొగ్గుతో గీతలు పెట్టుకోమన్నాను.

"ఈ నెల అత్త వంతు మాదే మేడం. దినమంత గడపల కూసుంటది. ఏం జేస్తున్నవని అడిగితే ఏం జెప్పాలె?"

నాకు బయట ఇంకా పది మంది ఉన్నారు. "మొక్కు అని చెప్పు. గోడెక్కితే రోగం దిగుతదని మొక్కుకున్నా అని చెప్పు, అయిపోతది" అన్నాను.

జయమ్మ మంచి పేషంటు. వారం వారం వచ్చేది. చెయ్యి భుజం దాటింది, చెవి దాటింది, తల దాటింది. కరెంటుకు తారీఖు ఇచ్చారు. ఇంకో నెల ఉందనగా రెండు మంగళవారాలు రాలేదు.

మూడో మంగళవారం పొద్దున్నే కుర్మయ్య వచ్చి, తువ్వాల చేతుల్లో నలుపుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, మా ఇంటిదాన్ని ఊర్ల మంత్రాలదంటుండ్రు."

"ఎందుకు?"

"మా అన్నోళ్ల దిక్కు గోడ మీద చేతులు లేస్తున్నయి మేడం. ఎర్ర చేతులు. దినాం ఒకటి, కిందికెళ్లి మీదికి వోతున్నయి. పొద్దుగాల లేసి సూస్తే ఉంటది. పెట్టంగ సూసినోల్లు లేరు."

అదే గోడకు ఇటువైపు జయమ్మ బొగ్గు గీతలున్నాయి. శాంతమ్మ చల్లకు వచ్చి వాటిని చూసింది. ఇటు నల్ల గీతలు, అటు ఎర్ర చేతులు. అటు బర్రె పాలివ్వడం మానేసింది. ఇల్లంతా కుళ్లిన వాసన. ఎలుక చచ్చిందేమోనని ధాన్యం గుమ్ములన్నీ జరిపి చూశారు, ఏమీ దొరకలేదు. చేతులు మొదలైంది అమావాస్య తెల్లారి నుంచి. గుండు మీద జుట్టు రానిది, కనుబొమలు లేనిది ఊళ్లో ఒక్క జయమ్మే. ఇంకేం కావాలి?

"గోడ దగ్గరికి వోనిస్తలేరు. రేపు పంచాయితి వెట్టిండ్రు. పండ్లు ఊడగొడ్తమంటుండ్రు" అన్నాడు.

బయటివాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు. బాణామతి చేస్తుందని నమ్మితే మా ప్రాంతంలో ముందు పళ్ల మీదికే వస్తారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని. అలా పళ్లు పోయిన ఒక ముసలామె దవడకు నేనే కాపడం పెట్టాను. అందుకని కుర్మయ్యను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"మీరొచ్చి ఏదన్న జెప్పుండ్రి మేడం. కాని రోగం పేరు జెప్పొద్దు. మీ కాల్మొక్త. పాలు వోతె మాకేం లేదు."

ఊళ్లో రోగం పేరు చెప్పనని మాటిచ్చి, మా సార్ దగ్గరికి పోయి అంతా చెప్పాను. "నే చెప్తే విన్నవా" అంటాడనుకున్నాను. అనలేదు. "ఠాణాకు నేను ఫోన్ చేస్త. నువ్వు పో. ఆమె రోగం పేరు చెప్పే హక్కు ఆమెది, నీది గాదు. పోయి నీ కండ్లతోని గోడ చూడు" అన్నాడు.

గోడ

మర్నాడు ఆత్మకూరులో బస్సు దిగి ఆటోలో పోయేసరికి మిట్టమధ్యాహ్నం. బాలయ్య వాకిట్లో ఊరు ఊరంతా కూర్చుని ఉంది. జయమ్మ ఒక్కతే దూరంగా, తల నిండా కొంగు కప్పుకుని నేల మీద కూర్చుంది. ఠాణా నుంచి వచ్చిన జవాను అప్పటికే గోడ చూసొచ్చాడట. మళ్లీ గడప దాటనని వేపచెట్టు కింద సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

శాంతమ్మ నన్ను లోపలికి తీసుకుపోయింది. గుమ్ముల వెనుక ఇరుకు గది. పైనుంచి గవాక్షంలో ఒక్క ముక్క ఎండ గోడ మీద పడుతోంది. వాసన ముందే వచ్చింది.

చేతులున్నాయి. ఇంటికి పూసే ఎర్రమట్టి జాజుతో, అరచెయ్యి నిండా అద్దిన ఎర్ర చేతులు. మొదటిది నా నడుము కింద. దాని మీద బెత్తెడు పైన ఇంకొకటి. అలా ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చి నా చంక ఎత్తులో ఆగిపోయాయి. అక్కడ తొమ్మిదో పదో ఒకే చోట పడ్డాయి. వేళ్ల మీద వేళ్లు పడి, ఇరవై ముప్పై వేళ్లున్న ఒకే చెయ్యి గోడలోంచి బయటికి వస్తున్నట్టుంది.

నాకు భయమేసింది. అబద్ధమెందుకు, నేనూ ఈ మట్టిలో పుట్టినదాన్నే. చిన్నప్పుడు బాణామతి కథలు విని దుప్పటి ముసుగు తన్నినదాన్నే. చదువు వచ్చి మీద కూర్చుంది గానీ భయం కిందే ఉంది. కాళ్లు వెనక్కి పోతామన్నాయి. సార్ మాట గుర్తొచ్చి ఆగాను.

మా నాన్న చీర అంచు తిరగేసి చూసి ఏ మగ్గం మీద నేసిందో, నేసినవాడిది ఎడమచేతి వాటమో కుడిచేతి వాటమో చెప్పేవాడు. నేనూ ఆ గోడను అలాగే చూశాను. ప్రతి చేతికీ బొటనవేలు కుడి పక్కన ఉంది. గోడకు ఎదురుగా నిలబడి నా చేతులు పెట్టి చూసుకున్నాను. ఎడమ చెయ్యి పెడితేనే బొటనవేలు కుడి పక్కకు వస్తుంది. జయమ్మకు ఆపరేషన్ అయింది కుడి వైపు. జయమ్మ చెయ్యి తల దాటి పోయింది. ఇది భుజం దగ్గరే ఆగిన చెయ్యి. రోజూ వచ్చి, రోజూ ప్రయత్నించి, రోజూ అక్కడే ఆగింది. మనిషి నాకంటే పొట్టి. ఇలాంటి గీతలు నా నల్ల గది గోడ మీద రోజూ చూసేదాన్నే. అది పేషంటు రిపోర్టు.

"ఎప్పటి నుంచి ఇవి?" అని శాంతమ్మను అడిగాను.

"అమాస తెల్లారి సంది మేడం. అమాస తెల్లారి మంచి పనులు ఎవరు జేస్తరు?"

"ఆ అమావాస్యకు ఈ ఇంట్లో కొత్తగా ఏం జరిగింది?"

"ఏం జరుగుతది? అత్త వంతు మాకొచ్చింది, గంతే" అంది శాంతమ్మ. అన్నాక తెరిచిన నోరు మూయలేదు. అట్లాగే మెల్లగా వెనక్కి తిరిగింది.

బుచ్చమ్మ గడపలో కూర్చుని ఉంది. చిన్న మనిషి, డెబ్బై ఏళ్లు. ఎడమ చెయ్యి కొంగులో చుట్టి కడుపుకు అదుముకుంది. దగ్గరికి పోయాను. వేపాకు, పసుపు, వాటి కింద ఆ వాసన. కట్టు విప్పకముందే ముక్కుకు తగిలే ఆ వాసన నాకు తెలుసు. ఎలుక కోసం గుమ్ములన్నీ జరిపినవాళ్లు మనిషిని జరిపి చూడలేదు.

నాకంతా తెలిసింది, కానీ నోరు తెరవడానికి లేదు. చేతులు ముసలామెవి అంటే, ఎందుకు పెట్టిందని అడుగుతారు. ఎందుకో చెబితే జయమ్మ రోగం బయటపడుతుంది. చెప్పకపోతే జయమ్మ పళ్లు. నేను మాట ఇచ్చినదాన్ని. గడపలోంచి జయమ్మ వైపు చూశాను.

జయమ్మ నా ముఖం చూసింది. లేచి లోపలికి వచ్చింది. "మగోల్లు జర బయట ఉండుండ్రి" అని, అత్తను గడప లోపలికి జరిపి తలుపు వేసింది. గదిలో అయిదారుగురు ఆడవాళ్లం మిగిలాం. ఆమె జాకెట్టులో చెయ్యి పెట్టి, నేను కుట్టించిన సజ్జల సంచి తీసి శాంతమ్మ చేతిలో పెట్టింది.

"పట్టుకో అక్కా. గిదే నా బాణామతి."

శాంతమ్మకు అర్థం కాలేదు. సంచి అటూ ఇటూ ఒత్తి చూసింది. లోపల సజ్జలు గలగలమన్నాయి.

"నాకు తీసింది గర్భసంచి గాదు. రొమ్ము. క్యాన్సర్ వచ్చింది. చెయ్యి లేస్తె కరెంటు పెడ్తరంట, గందుకే గోడెక్కుతున్న" అంది జయమ్మ. ఏడవలేదు. అత్త ముందు కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "నేను సూపిచ్చిన గద. నువ్వు గూడ సూపియ్యత్తా."

బుచ్చమ్మ ఎడమ రొమ్ము మీది కొంగు తీసింది. నేను అక్కడ చూసింది రాయను. నెలల నాటిది కాదు, ఏడాది పైబడింది.

"గోడెక్కితె రోగం దిగుతదని నువ్వే జెప్పినవంట గద బిడ్డా" అంది నాతో. "మొక్కని కోడలు జెప్పె. దానికి దినదినం మీదికి వాయె, ముఖం తేటవడె. నేను గూడ మొక్కుకున్న. మొక్కుకు బొగ్గెట్ల పెడ్తమని జాజు పెట్టిన. అమాసకు వంతు ఇటు మారె. గోడ ఒకటే గద, ఏ దిక్కు ఎక్కితేంది అనుకున్న."

"మరి కోడలిని గింత మాట అంటుంటె ఎందుకు ఊకున్నవత్తా?" అని శాంతమ్మ అరిచింది.

"మొక్కు ఒకరికి జెప్తె పారదు గద. ఇంకొక్క బెత్తెడు ఎక్కితె దిగిపోతదనుకున్న. పండ్ల దాంక వస్తె జెప్దామనే ఉంటి."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. నా ఒక్క మాట రెండిళ్లలో తిరిగి, ఒకామెను మంత్రగత్తెను చేసింది, ఇంకొకామెకు దవాఖాన దారి మూసేసింది.

శాంతమ్మే లేచి తలుపు తీసింది. సంచి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "పంచాయితి లేదు ఏం లేదు. ఆ చేతులు మా అత్తయి. మా అత్తకు పానం బాగలేదు. ఇగ పోండ్రి" అంది. జనం కదలకపోతే ఇంకో గొంతుతో అంది, అప్పుడు పోయారు.

తర్వాత

బర్రె సంగతి కూడా చెప్పాలి. అది నిండు చూడి. ఈనబోయే బర్రె పాలెట్లా ఇస్తుంది? ఆ మాట శాంతమ్మకు నాకంటే బాగా తెలుసు. భయం పట్టిన ఇంట్లో అందరూ ముందుగా మరిచిపోయేది తెలిసిన సంగతినే.

పొద్దుగుంకే లోపల జయమ్మ రోగం పేరు ఊరంతా తెలిసింది. ఆమె భయపడ్డట్టే హోటళ్లవాళ్లు పాలు వద్దన్నారు. బర్రె ఈనిన తర్వాత శాంతమ్మ తన పాలు కూడా జయమ్మ క్యాన్‌లో పోసి, తన నెత్తిన పెట్టుకుని ఆత్మకూరు పోయింది. "ఇద్దరియి కలిపిన. ఎవరియి ఏవో ఏరుకుంటె ఏరుకోండ్రి, లేకుంటె గమ్మున పోయించుకోండ్రి" అందట. నలుగురిలో ఇద్దరు పోయించుకున్నారు. తక్కినవాళ్లు ఏడాదికి దారికొచ్చారు.

జయమ్మ భుజం రెండు వారాల్లోనే మళ్లీ బిగిసింది. ఈసారి నేను మంత్రం చెప్పలేదు. ఎముక బొమ్మ బల్ల మీద పెట్టి, ఏది ఎక్కడ అతుక్కుంటుందో, మిషన్ కింద ఎలా పడుకోవాలో, ఎందుకో చెప్పాను. సార్ చెప్పినట్టే అర్థమైంది, చేసింది. తారీఖుకు చెయ్యి లేచింది, కరెంటు పెట్టారు.

బుచ్చమ్మను కూడా పట్నం తీసుకుపోయారు. చాలా ఆలస్యమైందన్నారు, పుండు కడిగే మందులిచ్చి పంపేశారు. నేను శనివారాలు పోయి ఆమె వాచిన చేతికి కట్టు కట్టేదాన్ని. అప్పటికి వంతు జయమ్మ ఇంటికి మారింది. ఒకరోజు కట్టు కడుతుంటే అడిగింది.

"బిడ్డా, నేను సరిగ ఎక్కలేదా?"

చుడుతున్న కట్టు ఆపాను. "నువ్వు బాగనే ఎక్కినవ్వా. తప్పు నాది. గోడ రోగాన్ని దించదు. చెయ్యిని లేపుతది, అంతే. చేస్తరని అట్లా చెప్పిన" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మరి గా ముచ్చట ముందుగాల్నే జెప్పకపోతివి" అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు మెమోలు చాలా వచ్చాయి. ఏ ఒక్కటీ గుర్తులేదు. ఈ మాట మాత్రం రోజూ వినిపిస్తుంది. మీరు రేపు ఎవరికైనా ఏదైనా చెయ్యమని చెప్పేటప్పుడు, ఎందుకో చెప్పడానికి టైం లేదనిపిస్తే, ఆ ముసలామెను తలుచుకోండి.

ఆ రోజు కట్టు అయ్యాక బుచ్చమ్మే అంది. "ఇగ రోగం దిగకుంటె మానె. జర ఈ చెయ్యి మీదికి లేపుండ్రి. నా కోడలు వోయిన కాడికి వోయి సూస్త." జయమ్మ చిప్పలో జాజు కలిపి తెచ్చింది. ఒకవైపు నేను, ఒకవైపు జయమ్మ ఆమెను నిలబెట్టాం. జయమ్మ తన కుడి చేత్తో అత్త ఎడమ చెయ్యి పట్టుకుని, ఆగుతూ ఆగుతూ, బొగ్గు గీతలన్నీ దాటించి, అన్నిటికంటే పైన గోడకు ఆనించింది. బుచ్చమ్మ పళ్ల బిగువున నొప్పి పట్టుకుని పైకి చూసింది. "గింత దూరముండెనా" అంది.

వచ్చే అమావాస్య దాకా ఆమె ఉండలేదు. పోయాక రెండిళ్లవాళ్లూ గోడకు రెండు వైపులా సున్నం వేశారు. గీతలూ చేతులూ కనపడకుండా పోయాయి. కానీ తడిసిన సున్నం పల్చబడి, కింద ఉన్నదాన్ని చూపిస్తుంది. మొదటి ముసురుకే ఇటు వైపు, తల కంటే ఎత్తులో, ఒక ఎర్ర చెయ్యి తేలింది. బొటనవేలు కుడి పక్కన. ఎండలు రాగానే పోయింది. మళ్లీ సున్నం వేశారు. మరుసటేడు ముసురుకు మళ్లీ వచ్చింది. అప్పటి నుంచి వాళ్లు సున్నం వేయడం మానేశారు.

ఆ ఊళ్లో ఇప్పుడు దాన్ని ఎవరూ బాణామతి అనరు. జయమ్మ చెయ్యి ఇప్పటికీ తల దాటి లేస్తుంది, పాలు ఇప్పటికీ పోస్తుంది. ఏటా ముసురు పట్టినప్పుడు నాకు ఫోన్ చేస్తుంది. వెనుక నుంచి శాంతమ్మ గొంతు వినిపిస్తుంది, మా దిక్కు కూడా తేలిందని చెప్పు అని. జయమ్మ ఆమెను ఆగమని, నాతో ఎప్పుడూ ఒకటే మాట చెబుతుంది.

"మేడం, అత్త వంతు మల్ల మాకొచ్చింది."